పదకొండేళ్లు నిలబడిపోయిన అంబాసిడర్: ఇంట్లో ఏం చేయొచ్చు, లేతుకి ఏం పంపాలి?

ప్రశ్న: మా నాన్నగారు 1969లో కొన్న అంబాసిడర్ మార్క్-2 (పెట్రోల్) ఇంటి వెనక రేకుల షెడ్డులో పదకొండేళ్లుగా కదలకుండా ఉంది. హ్యాండిల్ వేసి తిప్పితే ఇంజిను కదలట్లేదు. కార్బొరేటర్ విప్పి చూస్తే లోపలంతా తెల్లటి పొడి. మా మెకానిక్ "ఈ ఇంజిను పీకేసి సెకండ్ హ్యాండ్ డీజిల్ ఇంజిను పెట్టేద్దాం, గొడవ వదిలిపోతుంది" అంటున్నాడు. నాకేమో ఈ ఇంజినే మళ్లీ తిరగాలని ఉంది. బ్యాంకులో చేసి రిటైరయ్యాను, తీరిక ఉంది. నా స్కూటర్ పని ఎప్పుడూ నేనే చేసుకునేవాణ్ణి కాబట్టి స్పానర్ పట్టడం వచ్చు. కూల్‌డ్రింకులో నానబెడితే తుప్పు పోతుందని, శాండ్ బ్లాస్టింగ్ చేయిస్తే కొత్తదానిలా అయిపోతుందని వీడియోల్లో చూశాను. ఇంట్లో నేను ఏ భాగాలు బాగుచేసుకోవచ్చు? ఏవి బయటకి పంపాలి? మాది తణుకు దగ్గర ఊరు, గాలిలో తేమ ఎక్కువ.
ఒక పాఠకుడు, పశ్చిమగోదావరి జిల్లా

సమాధానం:

ముందు ఆ డీజిల్ ఇంజిను మాట తేల్చేద్దాం. మీ మెకానిక్ మిమ్మల్ని మోసం చేస్తున్నాడని అనను. పెట్రోల్ ఖర్చు తట్టుకోలేక ఒకప్పుడు చాలామంది టాక్సీవాళ్లు చేసిన పనే అది. కానీ మీ కారు టాక్సీ కాదు, రోజూ కిరాయికి తిరగాల్సిన అవసరం లేదు. పైగా 2021లో కేంద్రం వింటేజ్ వాహనాలకి విడిగా నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు దాటిన సొంత వాహనం, ఛాసిస్‌లోగానీ బాడీలోగానీ ఇంజిన్‌లోగానీ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటే, దాన్ని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. మీ బండి వయసు రీత్యా ఎప్పుడో అర్హత సంపాదించేసింది. ఇంజిను మార్చారా, ఆ అర్హత మీ చేతులారా పోగొట్టుకున్నట్టే. వింటేజ్‌గా నమోదైన బండిని రోజువారీ పనులకి తిప్పకూడదనే షరతు ఒకటి ఉంది. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోల్ పోయించుకోవడానికి, రిపేరుకి మాత్రమే రోడ్డెక్కాలి. అది మీకు నచ్చుతుందో లేదో ఆలోచించుకోండి. ఏది ఏమైనా ఇప్పుడే ఆర్‌సీ తీసి ఇంజిన్ నంబరు సరిచూసుకోండి. బ్లాకు మీద ఆ నంబరున్న చోటుని ఫోటో తీసి పెట్టుకోండి. ఎమరీ పేపరు, వైర్ బ్రష్ ఆ దరిదాపులకి వెళ్లకూడదు.

ఇక మీ అసలు ప్రశ్న. ఇంట్లో ఏది, బయట ఏది అని మీరు భాగాల పేర్లతో అడిగారు. నేను భాగాన్ని కాదు, పనిని చూడమంటాను. మళ్లీ సరిదిద్దుకోగలిగిన పనులు ఇంట్లో చేసుకోండి: విప్పడం, కడగడం, కొలవడం, ప్యాకింగులు మార్చడం, మళ్లీ బిగించడం. ఒకసారి చేశాక వెనక్కి తీసుకోలేనివి, అంటే లోహాన్ని కోసే పనులు, అరగదీసే పనులు, వెల్డింగు, ఇవన్నీ లేతు దగ్గరికి పంపండి. కొలిచి చూడకుండా మాత్రం ఏదీ పంపొద్దు, ఏదీ పారేయొద్దు. పాత భాగం మురికిగా కనిపించినా చాలాసార్లు కొలతకి నిలబడుతుంది. దాని బదులు బజార్లో దొరికే కొత్త నకలు మెరుస్తూ ఉంటుంది గానీ కొలతకి నిలబడదు.

ఇంజిను పట్టేసిందన్నారు కాబట్టి అక్కడ మొదలుపెడదాం. బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టడం, ట్రాక్టరుకి కట్టి లాగించడం లాంటివి ఎవరు చెప్పినా వినొద్దు. సిలిండర్ గోడకి పిస్టన్ రింగులు తుప్పుతో అతుక్కుని ఉంటాయి. బలంగా లాగితే రింగు విరిగి గోడని గీరుతుంది. వాల్వు ఒకటి తెరుచుకుని బిగుసుకుపోయి ఉంటే దాన్ని తెరిపించే పుష్ రాడ్ వంగుతుంది. అందుకని ముందు రాకర్ షాఫ్ట్ (వాల్వులని నొక్కే రాకర్లుండే కడ్డీ) తీసేయాలి. మీ 1489 సీసీ ఇంజిను మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌తో వచ్చిన బీఎంసీ బి-సిరీస్ వంశంది. ఇందులో రాకర్ స్టాండ్లని పట్టుకున్న నట్లలో కొన్ని హెడ్డుని (సిలిండర్లని పైనుంచి మూసే భాగాన్ని) కూడా పట్టుకుని ఉంటాయి. రాకర్ నట్లు మాత్రమే విప్పేస్తే హెడ్డు ఒక పక్కకి లాగి వంపు తిరిగే ప్రమాదం ఉంది. రేడియేటర్ నీళ్లు వదిలేసి, హెడ్డు నట్లన్నీ మధ్యలోంచి బయటికి, ఒక్కోటి కొంచెం కొంచెంగా వదులు చేసుకుంటూ వెళ్లండి.

పుష్ రాడ్లు ఎనిమిదీ పైకి తీసేటప్పుడు తొందరపడొద్దు. రాడ్ అడుగున ఉన్న ట్యాపెట్ పాత ఆయిల్ జిగురుతో దానికే అంటుకుని పైకి వచ్చేస్తుంది. సగం దారిలో ఊడి పక్కకి పడిందా, ఇక దాన్ని వెతుక్కోవడమే పనవుతుంది. రాడ్‌ని వేళ్లతో పక్కకి తడుతూ, కొంచెం మెలితిప్పుతూ ఉంటే "టక్" అని విడిపోయిన సంగతి చేతికి తెలుస్తుంది. అప్పుడు లాగండి. ఒక అట్టపెట్టెకి ఎనిమిది చిల్లులు పెట్టి నంబర్లు వేసి, ఏ చోటుది ఆ చిల్లులోనే గుచ్చండి. ఇన్నేళ్లలో ఏ రాడ్ ఏ రాకర్‌తో అరిగిందో దాని జత దానితోనే ఉండాలి. వాల్వులకీ, పిస్టన్లకీ, కనెక్టింగ్ రాడ్ క్యాపులకీ ఇదే పద్ధతి. క్యాపులు తారుమారైతే బేరింగులు రెండు రోజులు కూడా నిలవవు.

స్పార్క్ ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో రెండు మూడు చెంచాల పవర్ స్టీరింగ్ ఆయిల్, అంతే అసిటోన్ కలిపి పోయండి. అసిటోన్ దొరక్కపోతే డీజిల్, ఇంజిన్ ఆయిల్ కలిపినా పని చేస్తుంది, కాకపోతే నెమ్మది. అసిటోన్ పోసే చోట బీడీ, అగ్గిపుల్ల, వెల్డింగు నిప్పురవ్వ ఏదీ ఉండకూడదు. వారం పది రోజులు వదిలేసి, మధ్యలో ఇంకిన మేరకి కొంచెం పోస్తూ ఉండండి. తర్వాత హ్యాండిల్ వేసి ఒక అంగుళం ముందుకి, ఒక అంగుళం వెనక్కి ఆడించండి. కదలకపోతే మళ్లీ నానబెట్టడమే తప్ప హ్యాండిల్‌కి పైపు తగిలించి బలం పెంచడం వద్దు. ఓపిక పట్టినవాళ్లలో ఎక్కువమందికి ఇంజిను వదులుతుంది. వదిలిన సంతోషంలో గబగబా పది చుట్లు తిప్పేయకండి. ఆయిల్‌లో నానిన తుప్పు పొడి సిలిండర్‌లోనే ఉంటుంది. హెడ్డు ఎలాగూ ఎత్తుతున్నాం కాబట్టి దాన్ని తుడిచేశాకే తిప్పడం మంచిది.

హెడ్డు లేచాక సిలిండర్ పైఅంచు దగ్గర గోరుతో కిందికి గీయండి. గోరు మెట్టుకి తగిలిందంటే ఆ మెట్టు కింద గోడ అరిగిందని అర్థం. ఎంత అరిగిందో తెలుసుకోవడానికి ఖరీదైన బోర్ గేజ్ అక్కర్లేదు. ఒక కొత్త కంప్రెషన్ రింగు, ఒక ఫీలర్ గేజ్ చాలు. పిస్టన్లు తీశాక రింగుని సిలిండర్‌లో వేసి, పిస్టన్‌ని తలకిందులుగా పెట్టి కిందికి నెట్టితే రింగు అడ్డంగా సమంగా కూర్చుంటుంది. సిలిండర్ అడుగున రింగులు ఎప్పుడూ తగలని చోట ఒకసారి, పైన మెట్టుకి కొంచెం దిగువన ఒకసారి రింగు కొసల మధ్య ఖాళీ కొలవండి. రెండింటికీ ఉన్న తేడాని 3.14తో భాగిస్తే వ్యాసంలో అరుగుదల వచ్చేస్తుంది. అడుగున 0.30 మిల్లీమీటర్లు, పైన 0.75 అనుకుందాం. తేడా 0.45. భాగిస్తే 0.14 మిల్లీమీటర్లు, లేతువాళ్ల భాషలో ఐదున్నర థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) చిల్లర. ఆ స్థాయిలో ఉంటే రీబోర్ (సిలిండర్‌ని పెద్దదిగా కోయడం) తప్పదు. అందులో మూడో వంతే వస్తే హోనింగు (గోడని తేలిగ్గా గరుకు చేయడం) చేసి కొత్త రింగులు వేసుకుని హాయిగా తిరగొచ్చు. నాలుగు సిలిండర్లకీ విడివిడిగా కొలవాలి, ఒకటి బాగుందని మిగతావి బాగుంటాయని లేదు. ఈ లెక్క కాగితం మీద రాసుకుని లేతుకి వెళితే "ఇరవై సైజు (ఇరవై థౌ పెద్ద పిస్టన్) వేసేద్దాం సార్" అని అలవాటుగా అనేవాడు కూడా ఓసారి గేజ్ పెట్టి చూస్తాడు. ఈ బ్లాకు అసలు బోరు 73 మిల్లీమీటర్లకి ఒక వెంట్రుక ఎక్కువ. కోసిన ప్రతిసారీ ఆ బ్లాకు ఆయుష్షు తగ్గుతుంది, చివరికి స్లీవులే (లోపల తొడిగే కొత్త గొట్టాలే) గతి.

పిస్టన్లు తీయాలంటే ఇంజిను మొత్తం కిందికి దించాలేమో అని భయపడొద్దు. ఈ ఇంజిన్‌లో కనెక్టింగ్ రాడ్ పెద్ద కొస ఏటవాలుగా చీలి ఉంటుంది కాబట్టి సంపు (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పి, క్యాపులు తీసి పిస్టన్‌ని పైనుంచే తోసేయొచ్చు. పైఅంచు మెట్టు పెద్దదిగా ఉంటే మాత్రం ముందు దాన్ని రిడ్జ్ కట్టర్‌తో తీయించండి. లేకపోతే రింగు దానికి తగిలి పిస్టన్ గాడి విరుగుతుంది. కారు కింద దూరేటప్పుడు జాకీని, ఇటుకలని నమ్మొద్దు. నాలుగు ఇనప స్టాండ్లు కొనుక్కోండి. ఈ మొత్తం పనిలో బేరమాడకూడని సామాను అదొక్కటే.

తుప్పు సంగతి. కూల్‌డ్రింకులో ఫాస్ఫారిక్ ఆసిడ్ ఉండే మాట నిజమే, కాకపోతే అది అతి కొద్దిగా ఉంటుంది, పంచదార మాత్రం దండిగా ఉంటుంది. తుప్పు పోయేలోగా చీమలు వస్తాయి. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు దానికంటే చవక, దానికంటే బాగా పని చేస్తుంది. లీటరు గోరువెచ్చటి నీళ్లకి యాభై గ్రాములు కలిపి, ముందుగా కిరసనాయిల్‌తోనూ సబ్బుతోనూ జిడ్డు పూర్తిగా వదలగొట్టిన ఇనప భాగాన్ని ముంచండి. జిడ్డున్న చోట ఆసిడ్ పట్టదు. గంట గంటకీ తీసి బ్రష్‌తో రుద్ది చూస్తూ ఉండాలి. రాత్రంతా వదిలేస్తే మంచి లోహాన్ని కూడా తినేస్తుంది. తీశాక వంట సోడా కలిపిన నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడిగి, వెంటనే ఆరబెట్టాలి. మీ వైపు తేమకి, కడిగిన ఇనుము మీద మీరు టీ తాగి వచ్చేలోగా నారింజ రంగు పొర కమ్ముతుంది. అందుకని హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, వేడిగా ఉండగానే ఆయిల్ పట్టించండి. పనికి వానాకాలం వద్దు, సంక్రాంతి తర్వాత పెట్టుకుంటే సుఖం.

జేబులో ఒక అయస్కాంతం ఉంచుకోండి. అంటుకోని భాగం ఏదైనా నిమ్మ ఉప్పులోకీ, సోడాలోకీ వెళ్లకూడదు. కాస్టిక్ సోడా మరీ ప్రమాదం. అల్యూమినియం పిస్టన్ గానీ కార్బొరేటర్ బాడీ గానీ అందులో వేస్తే నురగలు కక్కుతూ కరిగిపోతుంది, వచ్చే గ్యాసు హైడ్రోజన్. అయస్కాంతానికి అంటుకున్నా సరే వాల్వు స్ప్రింగులు, బేరింగులు, కనెక్టింగ్ రాడ్ బోల్టులు మాత్రం ఆసిడ్‌లో వేయొద్దు. గట్టి ఉక్కులోకి హైడ్రోజన్ చేరి పెళుసుబారుతుంది, బయటికి ఏమీ తెలియదు, ఏదో ఒక రోజు పరుగులో ఉండగా విరుగుతుంది. వాటిని కిరసనాయిల్‌లో కడిగి మెత్తటి బ్రష్‌తో తోమితే చాలు. బోల్టులైతే కొత్తవే వేసేయండి. పెద్ద ఇనప భాగాలకి, అంటే మానిఫోల్డు, బ్రాకెట్లలాంటివాటికి, బట్టల సోడా నీళ్లలో బ్యాటరీ ఛార్జర్ పద్ధతి బాగుంటుంది. ఛార్జర్ మైనస్ మీ భాగానికి, ప్లస్ ఒక పాత ఇనప రేకుకి. ఆ రేకు స్థానంలో స్టీలు గిన్నె గానీ స్టీలు పళ్లెం గానీ పెట్టకండి, స్టెయిన్‌లెస్ స్టీలులోని క్రోమియం విషంగా మారి నీళ్లలోకి దిగుతుంది. ఆరుబయట చేయండి, నీళ్లలో చేయి పెట్టే ముందు ఛార్జర్ ఆపండి.

శాండ్ బ్లాస్టింగ్ అన్నారు. బ్లాకుకీ హెడ్డుకీ పిస్టన్లకీ వద్దంటే వద్దు. ఇసుక రేణువులు ఆయిల్ దారుల్లో మూలల్లో దాక్కుంటాయి. ఎంత గాలి కొట్టినా కొన్ని మిగులుతాయి, వేడెక్కి ఆయిల్ పారడం మొదలయ్యాక ఒక్కొక్కటే బయటపడి బేరింగుని తినేస్తాయి. మానిఫోల్డు, పుల్లీ, ఇంజిన్ మౌంటు బ్రాకెట్లకి కావాలంటే చేయించండి. అసలు మెరుపు కోసం అంత ఆరాటం అక్కర్లేదు. ఇంజిను ఫ్యాక్టరీ రంగు ఏదో తెలుసుకోవాలంటే బ్రాకెట్లు విప్పి వాటి వెనక చూడండి, ఎండా మురికీ తగలని చోట పాత రంగు అలాగే ఉంటుంది. దానికి దగ్గర రంగు కలిపించుకుంటే చాలు. క్రోమ్ పూత పూసిన ట్యాపెట్ కవర్ ప్రదర్శనలో నలుగురినీ ఆకర్షిస్తుందేమో గానీ, తెలిసినవాడు చూస్తే మొహం తిప్పుకుంటాడు.

కార్బొరేటర్‌లో తెల్ల పొడి అన్నారు కదా, అది పెట్రోల్‌లో చేరిన నీళ్లు అల్యూమినియాన్ని తినగా మిగిలిన తుప్పు. మీరు ఉత్తరంతో పంపిన ఫోటోలో పైన గుండ్రటి టోపీలాంటి గది కనిపిస్తోంది కాబట్టి మీది ఎస్‌యూ కార్బొరేటర్. ఆ గదీ, దానిలో పైకీ కిందికీ ఆడే పిస్టనూ ఫ్యాక్టరీలో జతగా కుదిర్చినవి. ఇంకో కార్బొరేటర్ పిస్టన్ తెచ్చి ఇందులో వేయకూడదు. వాటి మీద ఎమరీ పేపరు అసలు వాడొద్దు. ఇత్తడి బిందె తోమినట్టు చింతపండు పెట్టి తోముదామనీ అనుకోకండి, జెట్ చిల్లు అంచు ఆసిడ్‌కి కొరుక్కుపోతుంది. కార్బొరేటర్ క్లీనర్ స్ప్రే, మెత్తటి టూత్ బ్రష్, మొండి మరకలకి సబ్బు కలిపిన వేడినీళ్లు. అంతే. చిల్లుల్లో ఇనప తీగ పెట్టి పొడవకుండా చేపల గాలానికి కట్టే నైలాన్ దారం వాడండి. శుభ్రం చేశాక గదిలో పిస్టన్‌ని వేలితో ఎత్తి వదిలితే ఎక్కడా తట్టుకోకుండా దిగి, అడుగున "టక్" మని తగలాలి. తట్టుకుంటే పిస్టన్ అడుగున ఉండే సూది వంగిందన్నమాట, లేదా జెట్ మధ్యకి లేదన్నమాట. సూదిని అద్దం మీద దొర్లిస్తే వంపు కనిపిస్తుంది. త్రాటిల్ స్పిండిల్‌ని వేళ్లతో పైకీ కిందికీ ఆడించి చూడండి. గడగడలాడితే అక్కడినుంచి గాలి లాగి ఐడిల్ ఎప్పటికీ కుదురుగా ఉండదు. దానికి బుష్ వేయడం లేతు పని.

ఫ్లోట్‌ని చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల చుక్క కదిలిన చప్పుడు వస్తే దానికి చిల్లు పడింది. చిల్లు కంటికి కనిపించదు. గిన్నెలో నీళ్లు బాగా వేడి చేసి, పొయ్యి ఆపేసి, ఆరుబయటికి తెచ్చి ఫ్లోట్‌ని ముంచి పట్టుకోండి. లోపలి గాలి వేడెక్కి, చిల్లున్న చోట బుడగల దారం వరసగా పైకి లేస్తుంది. అక్కడ గోరుతో గీత పెట్టుకోండి. లోపలి పెట్రోల్ పూర్తిగా ఆవిరై, ఊపితే ఏ చప్పుడూ రాని స్థితి వచ్చేదాకా వేడినీళ్లలో ముంచుతూనే ఉండాలి. పెట్రోల్ ఆవిరి మిగిలి ఉండగా సోల్డరింగ్ ఐరన్ తాకిస్తే అది మొహం మీదే పేలుతుంది. ఇత్తడి ఫ్లోట్ అయితే చిన్న చుక్క సీసం సరిపోతుంది, ఎక్కువ పెడితే బరువు పెరిగి పెట్రోల్ మట్టం మారిపోతుంది. నైలాన్ ఫ్లోట్ అయితే అతికించే ప్రయత్నం వద్దు, కొత్తది వేయండి.

మీ బండి నిలబడిపోయాక పెట్రోల్ కూడా మారిపోయింది. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు డయాఫ్రంలు, కార్క్ ప్యాకింగులు, మామూలు పెట్రోల్ పైపులు దాన్ని తట్టుకోలేవు, ఉబ్బి మెత్తబడతాయి. కాబట్టి పెట్రోల్ పంపు కిట్టు, ఫ్లోట్ సీటు, పైపులు కొనేటప్పుడు వైటాన్ (ఇథనాల్‌ని తట్టుకునే రబ్బరు) రకం అడగండి. పైపు మీద ఆర్9 అని ముద్ర ఉంటే మంచిది. ఇథనాల్ గాలిలో తేమని పీల్చుకుంటుంది. మీ ఊళ్లో, అదీ నెలకోసారి తీసే బండికి ఇది పెద్ద సమస్య. రెండు మూడు వారాలకి మించి ఆపేటట్టయితే పెట్రోల్ కుళాయి మూసి, ఇంజిను నడిపి కార్బొరేటర్ ఖాళీ చేయండి. కుళాయి లేకపోతే ఒకటి పెట్టించుకోండి. లేదంటే ఆ తెల్ల పొడి మళ్లీ వస్తుంది. పాత ట్యాంకులో మిగిలిన పెట్రోల్ ఇప్పుడు వార్నిష్ అయిపోయి ఉంటుంది, దాన్ని తీసి దూరంగా పెట్టండి, భాగాలు కడగడానికి మాత్రం వాడొద్దు. పెట్రోల్‌తో భాగాలు కడిగే అలవాటు మన షెడ్లలో ఇంకా పోలేదు, మీరు మాత్రం ఆ అలవాటు చేసుకోకండి.

హెడ్డు పని మీకు బాగా నచ్చుతుందనుకుంటాను. వాల్వులు తీసి, గ్రైండింగ్ పేస్టు రాసి, రబ్బరు కప్పున్న కర్రతో అరచేతుల మధ్య తిప్పుతూ కూర్చోబెట్టడం ఇంట్లో తీరిగ్గా చేసుకునే పని. సీటు మీద బూడిద రంగు వలయం ఎక్కడా తెగకుండా చుట్టూ వస్తే చాలు. పేస్టుని సబ్బు నీళ్లతో పూర్తిగా కడగాలి. తర్వాత వాల్వులు, స్ప్రింగులు, ప్లగ్గులు బిగించి, హెడ్డుని తిరగేసి గుంటల్లో కిరసనాయిల్ పోయండి. పోర్టుల్లోంచి కారకపోతే సీటింగ్ కుదిరినట్టే. సీట్లు లోతుగా దిగిపోయి ఉంటేనే లేతు దగ్గర కొత్త సీట్లు కొట్టించాలి. సీట్లని అరక్కుండా కాపాడే సీసం కలిపిన పెట్రోల్ 2000లో ఆగిపోయాక పాత ఇంజిన్లకి ఆ భయం పట్టుకుంది గానీ, నెలకి యాభై కిలోమీటర్లు తిరిగే బండికి దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు. పాత హెడ్డు ప్యాకింగు, సైలెన్సర్ ప్యాకింగు, బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ. వాటిని గీకే ముందు నీళ్లతో తడపండి, వైర్ వీల్ పెట్టొద్దు, కంప్రెసర్ గాలి కొట్టొద్దు.

పిస్టన్ గాడుల్లో పేరుకున్న మసి తీయడానికి విరిగిన పాత రింగు ముక్కని మించిన పనిముట్టు లేదు. బ్లాకు పక్కనున్న కోర్ ప్లగ్గులు (నీటి దారుల బిళ్ల మూతలు) పీకించి నీటి దారుల్లో చూడండి. బోరు నీళ్లు పోసిన బండ్లలో నాలుగో సిలిండర్ వెనక గట్టి బురద గడ్డకట్టి ఉంటుంది, దాన్ని తీయకుండా ఎంత పని చేసినా వేడెక్కుతుంది. డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు మార్చండి, గ్యాప్ 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. పాత కండెన్సర్ పారేయకండి, కొత్తది మొండికేస్తే అదే ఆదుకుంటుంది.

లేతుకి పంపాల్సినవి: రీబోర్, హెడ్డు ఫేసింగ్, క్రాంక్ గ్రైండింగు, బుష్‌లు, పగుళ్ల వెల్డింగు. మీకు దగ్గర్లో విజయవాడ ఆటోనగర్ ఉండగా బెంగపడక్కర్లేదు. కాకపోతే పాత పెట్రోల్ ఇంజిన్లు చేసిన చేయి కోసం నాలుగు షెడ్లు తిరగండి. క్రాంకుని కొలవకుండానే "గ్రైండింగ్ కొట్టేద్దాం" అన్న చోట ఆగొద్దు. విడి భాగాలకి కోల్‌కతా మల్లిక్ బజార్, చెన్నై పుదుపేట ఉన్నాయి. మీ బంధువులెవరైనా బ్రిటన్‌లో ఉంటే ప్యాకింగ్ సెట్లు, రింగులు అక్కడినుంచి తెప్పించుకోవచ్చు. ఇదే 1489 సీసీ ఇంజిను అక్కడి మోరిస్, ఎంజీ కార్లలో కూడా వచ్చింది కాబట్టి భాగాలు ఇంకా తయారవుతున్నాయి. అయితే ఆర్డర్ ఇచ్చే ముందు పాత భాగం పక్కన పెట్టి కొలతలు సరిచూసుకోండి.

తిరిగి బిగించేటప్పుడు హెడ్డు నట్లకి టార్క్ రెంచ్ అద్దెకైనా తెచ్చుకోండి, చేతి అంచనా వద్దు. ట్యాపెట్ సెట్టింగుకి (రాకర్‌కీ వాల్వుకీ మధ్య సందు సరిచేయడానికి) తొమ్మిది లెక్క గుర్తుంచుకోండి: ఒకటో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఎనిమిదోది సెట్ చేయాలి, రెండోది తెరుచుకుంటే ఏడోది, అలా ప్రతిసారీ కూడితే తొమ్మిది రావాలి. ఆయిల్ 20డబ్ల్యూ-50 పోయండి. మొదటిసారి ప్లగ్గులు లేకుండా, ఆయిల్ మీటరు ముల్లు లేచేదాకా లేదా లైటు ఆరేదాకా సెల్ఫ్‌తో తిప్పి, ఆ తర్వాతే ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేయండి. పక్కన ఒక బకెట్ ఇసుక, ఒక మనిషి ఉండాలి.

ప్రస్తుతానికి డబ్బు ఖర్చు పెట్టొద్దు. ఇంజిను వదిలాక నాలుగు సిలిండర్ల రింగ్ గ్యాప్ కొలతలు, పైనా కిందా రెండూ, సిలిండర్ నంబరు వేసి రాసి పంపండి. పిస్టన్ తల మీద ఏవైనా అంకెలు చెక్కి ఉంటే అవి కూడా. ఇంతకుముందు ఎవరైనా ఓసారి రీబోర్ చేయించారో లేదో వాటిని బట్టే తెలుస్తుంది, హోనింగుతో సరిపోతుందో లేదో అప్పుడు చెబుతాను.